జంట డిస్కులను కొత్త కంప్యూటరులోకి మార్చడం

తెలుగునాటికి వెలుపల తెలుగు చదువుకునే విద్యార్థుల దగ్గర, వారి శాఖల దగ్గర గత పాతికేళ్లలో ఒక కొత్త రకం సంపద పోగుపడింది. అది పుస్తకాల బీరువాలో కనబడదు. సోలాపూరు చేనేత వాడలోనో, హోసూరు చుట్టుపక్కల పల్లెలోనో, బరంపురంలోనో, యానాంలోనో ఒక పెద్దావిడ పాడగా రికార్డు చేసుకున్న పాట, అటకమీద దొరికిన తాళపత్రాలకు తీసిన ఫొటోలు, పరిశోధనకోసం సేకరించిన మాండలిక పదాల పట్టికలు ఇప్పుడు కంప్యూటరు డిస్కుల్లో ఉంటున్నాయి. అచ్చయిన పుస్తకం పోతే మరో ప్రతిని ఏదో ఒక గ్రంథాలయంలో వెతుక్కోవచ్చు. పాడిన మనిషే లేనప్పుడు ఆ పాటను మళ్లీ రికార్డు చేయలేము.

ముందుచూపు ఉన్నవారు ఇటువంటి సమాచారాన్ని ఒక డిస్కులో కాక, ఒకదానికొకటి ప్రతిబింబంగా ఉండే రెండు డిస్కుల్లో దాస్తారు. కొన్నేళ్లకు ఆ కంప్యూటరు పాతబడుతుంది. కొత్తది వస్తుంది. అప్పుడు సహజంగా తలెత్తే ప్రశ్న: ఆ రెండు డిస్కులను ఊడదీసి కొత్తదానిలో బిగిస్తే సరిపోతుందా? కొన్ని ఏర్పాట్లలో సరిపోతుంది, కొన్నింటిలో సరిపోదు. తన దగ్గర ఉన్నది ఏ ఏర్పాటో ముందుగా తెలుసుకోకుండా పని మొదలుపెడితే, డిస్కులు చెక్కుచెదరకుండా ఉన్నా వాటిలోని సమాచారం పోవచ్చు. ఆ తెలుసుకోవలసిన సంగతులను వరుసగా చూద్దాం.

1. ప్రతిబింబం అంటే ఏమిటి?

అనేక డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతులకు రెయిడ్ అని పేరు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖకు చెందిన డేవిడ్ పాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ 1988లో ప్రచురించిన పత్రంతో ఈ పేరు స్థిరపడింది. ఆ పత్రం ఈ పద్ధతులను అంకెలతో వర్గీకరించింది. అందులో మొదటి అంకె ప్రతిబింబ పద్ధతిది. కనుక దీనిని రెయిడ్ 1 అని కూడా అంటారు. ఆ పేరు రాకముందే ఈ పద్ధతి పెద్ద కంప్యూటర్లలో వాడుకలో ఉండేది.

పద్ధతి చాలా సరళమైనది. మనం ఒక ఫైలును భద్రపరచినప్పుడు కంప్యూటరు దానిని రెండు డిస్కులమీదా ఒకేసారి రాస్తుంది. ఒక డిస్కు పాడైతే రెండోదానితో పని ఆగకుండా సాగుతుంది. పాడైనదాని స్థానంలో కొత్త డిస్కు పెడితే, మిగిలిన డిస్కునుంచి మొత్తం సమాచారం దానిలోకి మళ్లీ నకలవుతుంది.

గ్రంథపరిష్కరణ చదివినవారికి దీని పరిమితి వెంటనే అర్థమవుతుంది. ఒకే మాతృకనుంచి ఒకే లేఖకుడు ఎత్తి రాసిన రెండు ప్రతులను పరిష్కర్త రెండు వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కించడు. మాతృకలో తప్పుంటే రెండింటిలోనూ అదే తప్పు ఉంటుంది. జంట డిస్కులూ అంతే. మీరు పొరపాటున ఒక ఫైలును చెరిపేస్తే అది రెండు డిస్కులమీదా అదే క్షణంలో చెరిగిపోతుంది. వైరస్ సోకితే రెండింటికీ సోకుతుంది. విద్యుత్తు ఒక్కసారిగా పెరిగి పెట్టె కాలితే రెండూ కాలవచ్చు. జంట డిస్కులు ఒక డిస్కు చెడిపోవడంనుంచి మాత్రమే రక్షణ ఇస్తాయి. వేరొక చోట, వేరుగా దాచిన ప్రతికి అవి బదులు కావు. తరలింపు వేళ ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

2. ఇవి జంట అన్న సంగతి ఎవరికి తెలుసు?

తరలింపులో అసలు ప్రశ్న ఇదే. రెండు డిస్కులు పక్కపక్కన ఉన్నంత మాత్రాన జంట కావు. "ఇది ఫలానా జతలోని మొదటిది, అది రెండోది" అన్న సమాచారం ఎక్కడో రాసి ఉండాలి, దానిని చదవగలిగిన కార్యక్రమమో పరికరమో ఉండాలి. ఈ రెండూ ఎక్కడున్నాయన్నదాన్నిబట్టి నాలుగు రకాలు ఏర్పడతాయి.

మొదటిది లినక్స్ ఏర్పాటు. ఇందులో జతకు సంబంధించిన చీటీ వంటి సమాచారం ప్రతి డిస్కుమీదా రాసి ఉంటుంది. జతకు ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉంటుంది. జతలో జరిగిన మార్పులను లెక్కపెట్టే ఒక అంకె కూడా ఉంటుంది. కనుక ఈ డిస్కులను మరో లినక్స్ కంప్యూటరులో పెడితే, అది చీటీ చదివి జతను గుర్తుపడుతుంది. పాత యంత్రం, కొత్త యంత్రం వేర్వేరు కంపెనీలవైనా అడ్డు లేదు. నాలుగు రకాల్లో తరలింపుకు అన్నిటికన్నా అనువైనది ఇదే. ఇంట్లో, చిన్న కార్యాలయాల్లో నెట్‌వర్కుకు తగిలించి వాడే డిస్కు పెట్టెలు చాలావాటిలో లోపల ఉన్నది కూడా లినక్సే.

రెండోది విండోస్ ఏర్పాటు. విండోస్ 2000తో వచ్చిన డైనమిక్ డిస్కుల పద్ధతిలో జత సమాచారం డిస్కుల చివరి భాగంలో ఉంటుంది. మరో విండోస్ యంత్రంలో పెట్టినప్పుడు అది ఆ డిస్కులను పరాయివిగా చూపి, స్వీకరించమంటారా అని అడిగే వీలు కల్పిస్తుంది. 2012లో వచ్చిన స్టోరేజ్ స్పేసెస్ అనే కొత్త పద్ధతిలో కూడా సమాచారం డిస్కులమీదే ఉంటుంది. అయితే కొత్త విండోస్‌లో తయారైన జతను పాత విండోస్ చదవలేకపోవచ్చు. కనుక కొత్త యంత్రంలోని విండోస్ పాతదానికంటే వెనుకటిది కాకుండా చూసుకోవాలి.

మూడోది మదర్‌బోర్డులోనే ఉండే ఏర్పాటు. కంప్యూటరు తెరవగానే వచ్చే బయాస్ తెరలో డిస్కులను రెయిడ్ పద్ధతిలో పెట్టి ఉంటారు. ఇక్కడ చీటీ డిస్కులమీదే ఉన్నా, దాని లిపి ఆ చిప్పు తయారీదారుకే ప్రత్యేకం. ఇంటెల్ బోర్డునుంచి మరో ఇంటెల్ బోర్డుకు మార్చినప్పుడు సాధారణంగా గుర్తుపడుతుంది, కాని కొత్త బోర్డులో కూడా రెయిడ్ పద్ధతి ముందే ఎంచి ఉండాలి. ఇంటెల్ నుంచి ఏఎమ్‌డీకి మారితే ఆ బోర్డు జతను గుర్తుపడుతుందని ఆశించరాదు.

నాలుగోది విడిగా బిగించే రెయిడ్ కార్డు. జతకు యజమాని ఆ కార్డే. డిస్కులతోబాటు కార్డును కూడా కొత్త యంత్రంలోకి మార్చడమో, అదే కుటుంబానికి చెందిన మరో కార్డు తెచ్చుకోవడమో చేయాలి. కార్డే చెడిపోతే డిస్కులు బాగున్నా చిక్కే.

మీది ఏ రకమో పాత కంప్యూటరు పనిచేస్తూ ఉండగానే కనుక్కోవాలి. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెర, లినక్స్‌లో జతల స్థితిని చూపే ఎమ్‌డీస్టాట్ అనే ఫైలు, కంప్యూటరు మొదలయ్యేటప్పుడు వచ్చే సందేశాలు ఈ సంగతి చెబుతాయి. పాత యంత్రం పూర్తిగా ఆగిపోయాక ఇదే ప్రశ్నకు జవాబు వెతకడం ఎంతో కష్టం.

3. ఊడదీసే ముందు చేయవలసినవి

మొదట జత ఆరోగ్యం చూడాలి. రెండింటిలో ఒకటి ఏడాది క్రితమే చెడిపోయి, మిగిలిన ఒక్కదానితో నెట్టుకొస్తూ ఉండవచ్చు. ప్రతిబింబం ఉండగా పని ఆగదు కనుక ఎవరూ గమనించి ఉండరు. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ అనే పద్ధతి ఒకటి ఉంది. అందులో చెడిపోయి పక్కకు తప్పించిన భాగాల సంఖ్య, చదవలేక పెండింగులో ఉన్న భాగాల సంఖ్య కనబడతాయి. ఈ అంకెలు పెరుగుతూ ఉంటే ఆ డిస్కును నమ్మరాదు.

రెండోది, మూడో ప్రతి. జంటకు సంబంధం లేని మరో డిస్కులోకి మొత్తం సమాచారాన్ని నకలు చేసి, పక్కన పెట్టాలి. ఆ ప్రతి తెరుచుకుంటున్నదో లేదో మరో కంప్యూటరులో చూడాలి. ఈ వ్యాసంలో చెప్పిన పనుల్లో ఒక్కటే చేయగలిగితే చేయవలసింది ఇదే. మూడో ప్రతి చేతిలో ఉంటే తరలింపులో ఏం జరిగినా కొంత సమయం వృథా అవుతుందేగాని, పాట పోదు.

మూడోది, సరిచూసుకునే పట్టిక. ప్రతి ఫైలుకూ దాని లోపలి సమాచారాన్నిబట్టి ఒక పొడవైన సంఖ్యను లెక్కగట్టే పద్ధతులున్నాయి. ఎస్‌హెచ్‌ఏ-256 అటువంటిది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. తరలింపుకు ముందు పట్టిక తయారుచేసి, తరువాత మళ్లీ లెక్కగట్టి పోల్చితే ఏ ఫైలైనా చెడిందో లేదో ఊహించనక్కరలేదు, రుజువు దొరుకుతుంది.

నాలుగోది, తాళం. డిస్కులు బిట్‌లాకర్ వంటి పద్ధతితో సంకేతబద్ధమై ఉంటే, పాత యంత్రంలో వాటంతటవే తెరుచుకుంటున్నా కొత్త యంత్రం 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను అడగవచ్చు. దానిని ముందే కాగితంమీద రాసుకోవాలి. ఆ సంఖ్య గాని, సంకేతపదం గాని లేకపోతే డిస్కు ఎంత బాగున్నా అందులోని సమాచారం లేనట్టే.

ఐదోది, సక్రమంగా ఆపడం. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే వసతి ఉంది. అది ఉన్నప్పుడు కంప్యూటరును ఆపినా అది పూర్తిగా ఆగదు, డిస్కులు సగం తెరిచిన స్థితిలో ఉండిపోతాయి. వాటిని అలాగే మరో యంత్రంలో పెడితే ఫైళ్ల వ్యవస్థ దెబ్బతినవచ్చు. షిఫ్ట్ మీట నొక్కిపట్టి షట్‌డౌన్ ఎంచుకుంటే పూర్తిగా ఆగుతుంది.

చివరగా, డిస్కులమీద ముద్రించిన క్రమసంఖ్యలు రాసుకుని, ఏది ఏ తీగకు తగిలించి ఉందో చీటీలు అంటించాలి. బయాస్ తెరలకు ఫొటోలు తీసుకోవాలి. డిస్కును ముట్టుకునే ముందు పెట్టె లోహభాగాన్ని తాకితే, ఒంట్లోని స్థిరవిద్యుత్తు దానిలోకి పోతుంది.

4. కొత్త కంప్యూటరు సిద్ధంగా ఉందా?

2003లో సాటా తీగలు వచ్చాయి. అంతకుముందువి వెడల్పాటి పట్టీ తీగలతో పనిచేసే డిస్కులు. కొత్త బోర్డుల్లో ఆ పాత తీగలకు చోటు లేదు. ఇప్పటి చిన్న పెట్టెల్లో సాటా గూళ్లు కూడా ఒకటో రెండో ఉంటాయి, కొన్నింటిలో అసలు ఉండవు. కొనే ముందే లెక్క చూసుకోవాలి. గూళ్లు చాలక యూఎస్‌బీ పెట్టెల్లో పెట్టి తగిలించేవారు ఒక సంగతి గమనించాలి. కొన్ని యూఎస్‌బీ పెట్టెలు డిస్కులోని భాగాల కొలతను మార్చి చూపుతాయి. నేరుగా తగిలించినప్పుడు కనబడిన సమాచారం వాటి ద్వారా కనబడకపోవచ్చు. డిస్కు చెడిపోయిందని అప్పుడే నిర్ణయానికి రాకూడదు.

మరో ముఖ్యమైన సలహా: కంప్యూటరును నడిపే విండోస్‌నో లినక్స్‌నో పాత జంటనుంచి మోసుకురావద్దు. కొత్త యంత్రం మొదలయ్యే పద్ధతి వేరు, దాని చిప్పులు వేరు. కొత్త యంత్రానికి దాని సొంత డిస్కులో వ్యవస్థను కొత్తగా ఎక్కించండి. ఆ పని జరిగేటప్పుడు పాత జంట తగిలించి ఉండకూడదు. అప్పుడు పొరపాటున పాత డిస్కును ఎంచుకుని చెరిపే ప్రమాదమే ఉండదు. అంతా అయ్యాక, యంత్రాన్ని ఆపి, పాత జంటను తగిలించాలి.

5. తెరమీద వచ్చే ప్రశ్నలు

తరలింపులో గండం ఇక్కడ ఉంది. కొత్త యంత్రం తనకు అర్థంకాని డిస్కును చూసినప్పుడు దానిని ఖాళీ డిస్కుగా భావించి, సాయం చేయబోతుంది. ఆ సాయాన్ని అంగీకరించకూడదు.

విండోస్‌లో "ఇనిషియలైజ్" అంటే డిస్కును కొత్తదానిగా సిద్ధం చేయడం. "ఫార్మాట్" అంటే చెరిపి గళ్లు గీయడం. రెండింటికీ కాన్సిల్ నొక్కాలి. లినక్స్ డిస్కులను విండోస్ యంత్రానికి తగిలించినప్పుడు కూడా ఫార్మాట్ చేయమన్న సందేశమే వస్తుంది. డిస్కు చెడిపోయిందని దానికి అర్థం కాదు, విండోస్‌కు ఆ లిపి రాదని అర్థం. డైనమిక్ డిస్కులైతే "ఫారిన్" అన్న మాట కనబడుతుంది. అప్పుడు "ఇంపోర్ట్ ఫారిన్ డిస్క్స్" ఎంచుకోవాలి. రెండు డిస్కులూ తగిలించి ఉన్నప్పుడే ఈ పని చేయడం మంచిది.

రెయిడ్ కార్డులో కూడా "ఫారిన్" అన్న మాటే వస్తుంది. అక్కడ "ఇంపోర్ట్" అంటే డిస్కులమీది చీటీని స్వీకరించడం. దాని పక్కనే ఉండే "క్లియర్" అంటే ఆ చీటీని చెరపడం. పక్కపక్కనే ఉండే ఈ రెండు మాటల్లో ఏది నొక్కుతున్నామో రెండుసార్లు చదువుకోవాలి. మదర్‌బోర్డు తెరలో జత కనబడలేదని కొత్త జతను సృష్టించబోతే, సమాచారమంతా పోతుందన్న హెచ్చరిక వస్తుంది. ఆ హెచ్చరికను నమ్మండి.

లినక్స్‌లో తేడా రెండు క్రియలది. "అసెంబుల్" అంటే ఉన్న జతను కూర్చడం. "క్రియేట్" అంటే జతను కొత్తగా సృష్టించడం. తరలింపుకు కావలసింది మొదటిదే. దానికి ముందు "ఎగ్జామిన్" అనే ఆజ్ఞతో డిస్కులమీది చీటీలు చదవవచ్చు. అది ఏమీ మార్చదు. మొదటిసారి జతను చదవడానికి మాత్రమే వీలయ్యేలా తెరిచి చూడటం ఇంకా మంచిది. కొత్త యంత్రంలో జత పేరు మారి 127 అన్న అంకెతో కనబడితే కంగారుపడనక్కరలేదు. ఆ యంత్రపు పట్టికలో ఈ జత ఇంకా నమోదు కాలేదని మాత్రమే దాని అర్థం.

ఒక డిస్కును సొరుగులో దాచి, ఒక్కదానితోనే ప్రయత్నించవచ్చా అని కొందరు అడుగుతారు. లినక్స్ జతతో అలా చేయవచ్చు. కాని ఒక నియమం ఉంది. బయటి డిస్కుమీద ఏదైనా రాయడం మొదలైతే సొరుగులోనిది పాత ప్రతి అవుతుంది. తరువాత దానిని మళ్లీ చేర్చేటప్పుడు బయటిదే మూలం కావాలి. రెండింటినీ వేర్వేరు యంత్రాల్లో పెట్టి రెండింటిమీదా రాస్తే, ఒకే గ్రంథానికి రెండు పాఠాలు పుట్టినట్టవుతుంది. పరిష్కర్త పాఠాలను పోల్చి మంచిదాన్ని ఎంచగలడు. కంప్యూటరుకు ఆ విచక్షణ లేదు. అది ఒకదానిని మూలంగా తీసుకుని రెండోదానిని దానితో కప్పేస్తుంది.

6. తగిలించాక చూడవలసినవి

జత కనబడగానే కొత్త పని మొదలుపెట్టవద్దు. ముందు పట్టికలోని సంఖ్యలు పోల్చండి. ఫైళ్లు ఉన్నా "అనుమతి లేదు" అన్న సందేశం రావచ్చు. ఫైలు యజమాని పేరు డిస్కుమీద పేరుగా కాక గుర్తింపు సంఖ్యగా ఉంటుంది. కొత్త యంత్రంలో మీ సంఖ్య వేరు. నిర్వాహకుని అధికారంతో యాజమాన్యం మార్చుకుంటే సరిపోతుంది.

తెలుగు ఫైళ్ల విషయంలో మరో పరీక్ష అవసరం. యూనికోడ్ తొలి ప్రమాణంలోనే, అంటే 1991లోనే, తెలుగుకు చోటు దక్కినా, ఆ తరువాత చాలాకాలంపాటు మనవాళ్లు ఒక్కొక్క ఖతికి ఒక్కొక్క సంకేతపద్ధతి ఉన్న రోజుల్లోనే టైపు చేశారు. అటువంటి ఫైలుకు ఆ ఖతి లేకపోతే, తెలుగు స్థానంలో అర్థంలేని గుర్తులు కనబడతాయి. ఫైలు చెడలేదు, సరిచూసిన సంఖ్య కూడా సరిపోతుంది, కాని చదవలేము. ఆ ఖతులు జంట డిస్కుల్లో కాక పాత యంత్రపు సొంత వ్యవస్థలో ఉండి ఉంటాయి. అందుకే పాత యంత్రాన్ని వదిలించుకునే ముందు దానిలోని ఖతులను నకలు చేసుకోవాలి. వీలైనప్పుడు ఆ ఫైళ్లను యూనికోడులోకి మార్చి, పాతవాటినీ అలాగే ఉంచాలి.

7. మార్చడమా, నకలు చేయడమా?

డిస్కులు రెండు మూడేళ్లవైతే మార్చడం సబబే. ఎనిమిదేళ్లుగా తిరుగుతున్న డిస్కులను మార్చడం ముసలి ఎద్దులను కొత్త బండికి కట్టడమే. పైగా జంటను సాధారణంగా ఒకే రోజు, ఒకే అంగడిలో కొంటాము. రెండూ ఒకే వయసువి, ఒకే పని చేసినవి. ఒకటి చెడిపోయాక రెండోది ఎక్కువ కాలం నిలుస్తుందన్న హామీ లేదు. 4 టెరాబైట్ల డిస్కును సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో నకలు చేయడానికి సుమారు ఏడున్నర గంటలు పడుతుంది. అంతసేపు మిగిలిన ఆ ఒక్క ముసలి డిస్కు ఆగకుండా పనిచేయాలి.

అటువంటప్పుడు కొత్త యంత్రంలో కొత్త జంటను ఏర్పాటుచేసి, పాత యంత్రంనుంచి నెట్‌వర్కు ద్వారానో బయటి డిస్కు ద్వారానో నకలు చేసుకోవడం మేలు. ఖర్చు ఎక్కువే. కాని పాత జంటను ఎవరూ ఊడదీయరు, ఏ ప్రశ్నకూ జవాబు చెప్పనక్కరలేదు. కొంతకాలం అది అదనపు ప్రతిగా కూడా ఉంటుంది. ఒక సెమిస్టరు గడిచి, కొత్తదానిలోని ఫైళ్లు అన్నీ సక్రమంగా తెరుచుకుంటున్నాయని నిర్ధారించుకున్నాకనే పాతదానిని చెరపాలి.

ఏ మార్గం ఎంచుకున్నా, పని పూర్తయ్యాక ఒక కాగితం రాయండి. జత ఏ రకం, ఎప్పుడు ఏర్పడింది, డిస్కుల క్రమసంఖ్యలు ఏవి, మూడో ప్రతి ఎక్కడుంది, తాళపు సంఖ్య ఎవరి దగ్గర ఉంది, ఏయే ఖతులు కావాలి అన్నవి అందులో ఉండాలి. ఒక నకలు శాఖ బీరువాలో, మరొకటి ఆచార్యుల దగ్గర ఉంచండి. మన శాఖల్లో విద్యార్థి ఉండేది రెండేళ్లు, పరిశోధకుడైతే నాలుగైదేళ్లు. కంప్యూటరు సంగతులు తెలిసిన విద్యార్థి పట్టా పుచ్చుకుని వెళ్లిపోతే, మరుసటి తరలింపు వేళకు అక్కడ ఉండేవారికి ఆ పెట్టెలో ఉన్నది జంట డిస్కులన్న సంగతే తెలియకపోవచ్చు. డిస్కుమీది చీటీని యంత్రం చదువుతుంది. ఈ కాగితం చదవవలసింది మీ తరువాత వచ్చే విద్యార్థి.